వాగు నీటిలోని భారలోహాలను గుర్రపుడెక్క, జమ్ము తీసేయగలవా?

నక్కవాగు గట్టు (సంగారెడ్డి జిల్లా)

సభ్యులందరికీ నమస్కారం. మా ఊరి పక్కన పారే వాగు పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతం దిగువన నక్కవాగులో కలుస్తుంది, ఆ నీరంతా చివరికి మంజీరలోకి చేరుతుంది. ఈ మధ్య ఒక సంస్థ వారు మా పంచాయతీకి ఒక ప్రతిపాదన ఇచ్చారు. వాగులో అర కిలోమీటరు మేర గుర్రపుడెక్క పెంచి, గట్ల వెంట జమ్ము నాటితే నీటిలోని భారలోహాలు తొంభై శాతానికి పైగా తగ్గుతాయని, తీసిన డెక్కతో వర్మీకంపోస్టు తయారుచేసి అమ్ముకుంటే నిర్వహణ ఖర్చు కూడా వెనక్కి వస్తుందని అందులో రాశారు. ప్రతిపాదనకు జతచేసిన నీటి పరీక్ష కాగితంలో పీహెచ్, బీఓడీ, సీఓడీ (నీటిలోని సేంద్రియ మురుగును తెలిపే కొలతలు), కరిగిన లవణాలు ఉన్నాయి గాని ఒక్క లోహం పేరు కూడా లేదు. గ్రామసభలో దీని మీద మాట్లాడవలసి ఉంది. ఈ మొక్కలు నిజంగా పనిచేస్తాయా, పారే వాగులో పనిచేస్తాయా, తీసిన మొక్కను ఏం చేయాలి అన్నవి నా ప్రశ్నలు. మా పశువులు ఆ నీరే తాగుతాయి కాబట్టి కాస్త వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

ఉక్కునగరం ఇంజనీరు (విశాఖపట్నం)

గట్టు గారూ, గుర్రపుడెక్క లోహాన్ని పట్టుకుంటుందన్న మాట అబద్ధం కాదు. అమెరికాలో మిసిసిపీలోని నాసా కేంద్రంలో 1970ల నాటికే సీసం, పాదరసం, కాడ్మియం వంటి వాటి మీద ఈ మొక్కను పరీక్షించారు. మన దగ్గర చెప్పుకోవలసిన ఉదాహరణ ఒడిశాలోని జాజ్‌పూర్ జిల్లా సుకిందా లోయ. దేశంలోని క్రోమైట్ (క్రోమియం ఖనిజం) నిల్వల్లో అత్యధిక భాగం అక్కడే ఉంది. గని తవ్వగా పోసిన మట్టికుప్పల మీద వాన పడినప్పుడు, విషపూరితమైన హెక్సావాలెంట్ క్రోమియం కరిగి దామ్‌సాలా నాలా ద్వారా బ్రాహ్మణి నదికి చేరుతుంది. 2007లో ఒక అంతర్జాతీయ సంస్థ ప్రకటించిన ప్రపంచంలోని పది అత్యంత కలుషిత ప్రాంతాల జాబితాలో సుకిందా పేరు కూడా ఉంది. అక్కడి గని నీటిలో గుర్రపుడెక్కను పెంచి చేసిన, 2017లో అచ్చయిన ఒక ప్రయోగంలో, పదిహేను రోజుల్లో హెక్సావాలెంట్ క్రోమియం 99 శాతానికి పైగా తగ్గింది. మీకిచ్చిన ప్రతిపాదనలోని అంకె ఇటువంటి ప్రయోగాల నుంచే పుట్టి ఉంటుంది.

అయితే ఆ వాక్యంలో అసలు పట్టుకోవలసిన మాట ‘పదిహేను రోజులు’. మొక్క వేరు దగ్గర నీరు అన్ని రోజులు నిలిచి ఉంటేనే ఆ ఫలితం వచ్చింది. మీ వాగులో నీరు అర కిలోమీటరు దూరాన్ని కొన్ని గంటల్లో దాటిపోతుంది. తొట్టిలో వచ్చిన శాతాన్ని వాగుకు అంటగట్టడం ఇంజనీరింగ్ అనిపించుకోదు.

తేలే తోట (హైదరాబాద్)

నేను చెరువుల మీద తేలియాడే మొక్కల దీవులు కట్టే స్వచ్ఛంద బృందంలో పనిచేస్తున్నాను, కాబట్టి మొక్కల పక్షాన కూడా ఒక మాట చెప్పనివ్వండి. నెక్నాంపూర్ చెరువులో 2018లో మూడు వేల చదరపు అడుగుల తేలియాడే దీవిని ఏర్పాటు చేశారు. వెదురు, థర్మాకోల్, గోనెపట్టాలతో తెప్ప కట్టి, దాని మీద వట్టివేరు, మెట్టతామర, జమ్ము వంటివి నాటితే వేళ్లు కిందికి దిగి నీటిలో వేలాడతాయి. ఆ వేళ్ల మీద పెరిగే సూక్ష్మజీవుల పొర నీటిలోని మురుగును తింటుంది. అటువంటి చోట్ల దుర్వాసన తగ్గడం, పక్షులు తిరిగి రావడం మేము చూస్తూనే ఉన్నాము. తక్కువ ఖర్చుతో, కరెంటు లేకుండా జరిగే పనిని లెక్కలు చూపించి నిరుత్సాహపరచవద్దని నా మనవి.

ఉక్కునగరం ఇంజనీరు

తోట గారూ, మీ పని మీద నాకు గౌరవం ఉంది, కానీ మురుగునీరు, లోహపు నీరు ఒక జాతివి కావు. మురుగులోని సేంద్రియ పదార్థాన్ని బాక్టీరియా తిని గాలిలోకి పంపేస్తుంది, నత్రజని కూడా చాలావరకు వాయువై పోతుంది. పటాన్‌చెరులోనే ఇక్రిశాట్ (అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ) వారు జమ్ము, మెట్టతామర మళ్లలో గ్రామాల మురుగును శుద్ధిచేసి సాగుకు ఇచ్చే పద్ధతి మీద పనిచేశారు, అది చక్కని పని. క్రోమియం, నికెల్, సీసం అలా కావు. అవి మూలకాలు కాబట్టి వాటిని ఏ జీవీ తిని హరించుకోలేదు. నీటిలో తగ్గిన ప్రతి గ్రాము మొక్కలోనో బురదలోనో ఉండి తీరుతుంది. పక్షులు రావడాన్ని బట్టి లోహం పోయిందని చెప్పలేము.

లెక్కల మాస్టారు (ఖమ్మం)

మాట ఇక్కడికి వచ్చింది కాబట్టి ఒక లెక్క వేసి చూద్దాము. ఇవి గట్టు గారి వాగు అంకెలు కావు, లెక్క కోసం అనుకున్నవి. వాగులో సెకనుకు పది లీటర్ల నీరు పారుతున్నదనుకుందాం, అంటే అది వేసవిలో కనిపించే సన్నటి ధార మాత్రమే. లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్రోమియం ఉందనుకుందాం. రోజుకు 8.64 లక్షల లీటర్లు పారతాయి, వాటిలో 432 గ్రాముల క్రోమియం ఉంటుంది. వినడానికి అరకిలో కూడా లేదు.

ఎండిన మొక్క కిలోకు ఒక గ్రాము లోహం పట్టుకుంటుందని ఉదారంగానే అనుకుందాం. 432 గ్రాములు తీయాలంటే రోజుకు 432 కిలోల ఎండు మొక్క కావాలి. గుర్రపుడెక్కలో నూటికి తొంభై అయిదు పాళ్లు నీరే కాబట్టి, పచ్చిదైతే రోజుకు 8,640 కిలోలు, అంటే ఎనిమిదిన్నర టన్నులకు పైగా వేళ్లతో సహా పెరికి గట్టుకు చేర్చాలి. మంచి కాలంలో చదరపు మీటరుకు రోజుకు ఇరవై గ్రాముల ఎండు బరువు పెరుగుతుందని లెక్కిస్తే, అంత మొక్క పుట్టడానికి 21,600 చదరపు మీటర్లు, అంటే అయిదు ఎకరాలకు పైగా నీటి పరపు కావాలి.

ఇంకో దారిన చూసినా దాదాపు అక్కడికే వస్తాము. సుకిందా ప్రయోగంలో లాగా నీటిని పదిహేను రోజులు నిలపాలంటే ఈ సన్నటి ధారకే సుమారు 13 వేల ఘనపు మీటర్ల చోటు కావాలి, అర మీటరు లోతున అది ఆరు ఎకరాలు దాటుతుంది. ఆరు మీటర్ల వెడల్పున్న వాగులో అర కిలోమీటరు అంటే ముప్పావు ఎకరం కూడా రాదు. ప్రతిపాదన రాసినవారు ఈ గుణకారం చేసి చూశారని నాకు అనిపించడం లేదు.

తుంగపొద (వృక్షశాస్త్ర అధ్యాపకురాలు, గుంటూరు)

మాస్టారి లెక్కకు మొక్క వైపు నుంచి కొంత చేర్చాలి. నీటిలోని లోహ అయానులు ముందుగా వేరు పైపొరకు అంటుకుంటాయి. కణకవచంలో రుణావేశం ఉన్న భాగాలు ధనావేశం ఉన్న లోహాలను పట్టి ఉంచుతాయి. లోపలికి వెళ్లిన కొంత భాగాన్ని మొక్క ప్రత్యేకమైన పెప్టైడులతో కట్టి, కణంలోని రిక్తికల్లో (సంచుల వంటి అరల్లో) దాచిపెడుతుంది. హెక్సావాలెంట్ క్రోమియమైతే వేరు దగ్గరే అంతగా విషం కాని ట్రైవాలెంట్ రూపంలోకి మారి అక్కడే ఆగిపోతుంది. సీసం కూడా ఎక్కువగా వేరును దాటదు. జింకు, కాడ్మియం వంటివి కొంత పైకి, ఆకుల్లోకి ఎక్కుతాయి. అందుచేత గుర్రపుడెక్క ఆకులను పైపైన కోసి తీస్తే లోహం నీటిలోనే మిగులుతుంది. మొక్కను వేరుతో సహా, అది కూడా కుళ్లకముందే తీయాలి. కుళ్లిన ఆకూ వేరూ పట్టుకున్నదాన్ని మళ్లీ నీటికే వదులుతాయి.

జమ్ము కథ వేరు. ఒక జమ్ము మొక్కను బురదలోంచి పెకిలించి కడిగి చూడండి. వేళ్ల మీద తుప్పు రంగులో ఎర్రటి పూత కనిపిస్తుంది. ఆకుల నుంచి బోలు కాడల ద్వారా వేరుకు దిగే ఆక్సిజన్ అక్కడి ఇనుమును తుప్పుగా మారుస్తుంది, ఆ తుప్పు పొర ఆర్సెనిక్, జింకు వంటివాటిని పట్టుకుంటుంది. దానికి బెత్తెడు దూరంలో బురద నల్లగా, కుళ్లిన గుడ్డు వాసనతో ఉంటుంది. అక్కడ గాలి సోకదు, సల్ఫేటును సల్ఫైడుగా మార్చే బాక్టీరియా ఉంటుంది, లోహాలు సల్ఫైడులై కదలకుండా పడి ఉంటాయి. చిత్తడి నేలల్లో ఆగే లోహంలో పెద్ద వాటా ఈ బురదదే, కాడలోకి, ఆకులోకి ఎక్కేది స్వల్పం. కాబట్టి జమ్ము కోసి పారేస్తే లోహం పోతుందనుకోవడం సరికాదు. జమ్ము చేసే మేలు ఆ బురదను పట్టి నిలపడం, దానికి ఏటా ఎండాకు రూపంలో సేంద్రియ ఆహారం అందించడం.

అంతరతామర, అజొల్లా, డక్‌వీడ్ వంటి నీటిపై తేలే మొక్కలు కూడా బాగానే పట్టుకుంటాయి గాని చిన్న గాలికే ఒక మూలకు చేరతాయి, పారే నీటిలో నిలవవు. కిక్కిస గడ్డి, వట్టివేరు గట్టులను కాస్తాయి. గుర్రపుడెక్కను మాత్రం పారే వాగులో కావాలని వదలడాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ కలుపును చెరువుల్లోంచి తీయడానికే మనం ఇంత డబ్బు ఖర్చుపెడుతున్నాము. జూలైలో ఒక పెద్ద వాన పడితే, లోహం నింపుకున్న డెక్క మొత్తం కొట్టుకుపోయి మంజీరలో తేలుతుంది. అప్పుడు మీరు శుద్ధిచేసిన లోహాన్ని మీరే దిగువ ఊళ్లకు పంపినట్లవుతుంది.

పాడి పంట (నల్గొండ)

మరి పెరికిన డెక్కను ఎండబెట్టి పశువులకు వేయకూడదా? మా వైపు మూసీ వెంట పెంచిన గడ్డిని నగరంలోని బర్రెలకు ఎన్నో ఏళ్లుగా మేపుతున్నారు. అలాగే వర్మీకంపోస్టు చేస్తే వానపాములు విషాన్ని తీసేస్తాయని ఒక శిక్షణలో చెప్పారు.

తుంగపొద

వద్దండీ. మేపితే కాడ్మియం, సీసం పశువు కాలేయంలోను, మూత్రపిండాల్లోను పేరుకుంటాయి, సీసం కొంత పాలలోకి కూడా వస్తుంది. వానపాములు ఆకును మట్టిగా మారుస్తాయి గాని మూలకాన్ని మాయం చేయలేవు. పైగా కంపోస్టు అయ్యేటప్పుడు సేంద్రియ పదార్థం తరిగిపోతుంది కాబట్టి కిలో ఎరువులో లోహం పాలు మొక్కలో ఉన్నదానికంటే పెరుగుతుంది. ఆ ఎరువు కొన్న రైతు పొలంలో అది చేరుతుంది. తూటికూర వంటి తినే మొక్కలను ఆ నీటిలో పెంచడం కూడా అంతే ప్రమాదం.

ఉక్కునగరం ఇంజనీరు

కాల్చడం గురించి కూడా ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెబుతాను. బయట కుప్పపోసి కాలిస్తే పాదరసం, ఆర్సెనిక్, కాడ్మియం కొంత పొగతో లేస్తాయి, మిగిలినవి బూడిదలో చిక్కబడతాయి. తీసిన మొక్కలో, బురదలో లోహం ఎంత ఉందో, నీటికి ఎంత వదులుతుందో ప్రయోగశాలలో తేల్చి, ప్రమాదకర వ్యర్థమని తేలితే 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారం అనుమతి ఉన్న చోటికే పంపాలి. హైదరాబాద్ వైపు దుండిగల్‌లోను, మా విశాఖ వైపు పరవాడలోను అటువంటి కేంద్రాలున్నాయి. ఈ రవాణా ఖర్చు ఎవరు భరిస్తారన్నది మీ ప్రతిపాదనలో ఎక్కడైనా ఉందా?

నక్కవాగు గట్టు

లేదండీ. ‘స్థానిక అవసరాలకు వినియోగం’ అని ఒక్క వాక్యం మాత్రమే ఉంది.

టైన్ ఒడ్డు తెలుగువాడు (న్యూకాజిల్, ఇంగ్లండ్)

ఆలస్యంగా చేరుతున్నాను, మన్నించండి. నేనుండే ప్రాంతమంతా పాత బొగ్గు గనులు కాబట్టి ఈ సమస్య ఇక్కడి వాగులకు పాతదే. మా దగ్గరలో క్వేకింగ్ హౌసెస్ అనే చిన్న ఊరు ఉంది. మూతపడిన గని తాలూకు మట్టిదిబ్బ నుంచి ఊరే ఆమ్లపు నీరు, ఇనుము, అల్యూమినియంతో కలిసి స్టాన్లీ బర్న్ అనే వాగులో పడేది. ఊరివాళ్లే పట్టుబట్టి, న్యూకాజిల్ విశ్వవిద్యాలయం వారి సాయంతో 1997లో ఒక చిత్తడి మడిని కట్టించుకున్నారు. గట్టు గారు గమనించవలసినది ఏమిటంటే వాళ్లు వాగులో మొక్కలు నాటలేదు. వాగులో కలవకముందే ఆ ఊట నీటిని పక్కకు మళ్లించి, గుర్రపు లద్దె, పశువుల పేడ, కంపోస్టు నింపిన మడిలోంచి పంపారు.

లేక్ డిస్ట్రిక్ట్‌లో ఫోర్స్ క్రాగ్ అనే గని 1991లో మూతపడింది. అక్కడి నుంచి జింకు, కాడ్మియం, సీసం కోల్‌డేల్ బెక్ అనే వాగులోకి పోయేవి. 2014లో అక్కడ కట్టిన చెరువుల్లో నీరు పైనుంచి కిందికి, చెక్కపొట్టు, సున్నపురాయి, కంపోస్టు కలిపిన మందపాటి పొరలోంచి దిగుతుంది. తుంగపొద గారు చెప్పిన ఆ నల్లబురద పనినే ఇక్కడ కావాలని, కొలత ప్రకారం చేయిస్తున్నారన్నమాట. రెల్లు మొక్కల మడి చివరన, మిగిలిన కాస్త లోహాన్ని పట్టడానికి మాత్రమే ఉంది. ఆ పొర కూడా శాశ్వతం కాదు, కొన్నేళ్లకు నిండిపోతుంది, తీసి మార్చాలి. దాని ఖర్చు పథకంలో మొదటి రోజునే రాసి పెట్టుకుంటారు.

తేలే తోట

అయితే మొక్కలకు అసలు చోటే లేదంటారా? ఇంగ్లండులో గని యజమాని లేడు కాబట్టి ప్రభుత్వం కట్టింది. ఇక్కడ కర్మాగారాలు నడుస్తూనే ఉన్నాయి, వాగు పాడవుతూనే ఉంది. ఎవరో వచ్చి అంతా సరిగ్గా కట్టే దాకా ఊరు చేతులు ముడుచుకుని కూర్చోవాలా?

ఉక్కునగరం ఇంజనీరు

చోటు ఉంది, అది ఎక్కడో అంకెల్లోనే కనబడుతుంది. వాగులు, నదుల వంటి లోతట్టు జలాల్లోకి వదిలే పారిశ్రామిక వ్యర్థజలానికి మన దేశ సాధారణ ప్రమాణం ప్రకారం లీటరుకు మొత్తం క్రోమియం 2 మిల్లీగ్రాములు, నికెల్ 3 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చు. తాగునీటి ప్రమాణంలో క్రోమియం 0.05, నికెల్ 0.02 దాటకూడదు. అంటే ఒక కర్మాగారం చట్టాన్ని పూర్తిగా పాటించినా, దాని గొట్టం నుంచి వచ్చే నీటిలో తాగునీటి హద్దుకు నలభై రెట్ల క్రోమియం, నూట యాభై రెట్ల నికెల్ ఉండే వీలుంది. సున్నంతో, ఫెర్రస్ సల్ఫేటుతో కర్మాగారం లోపలే దించదగినంత దించాక మిగిలే ఈ పలచని అవశేషం మీద రసాయనాలు పోయడం దండగ, అక్కడ బురద మడి, జమ్ము నిజంగా పనికొస్తాయి. కానీ అది కర్మాగారం ప్రహరీ లోపల, దాని ఖర్చుతో, వాగులో కలవకముందు జరగాలి. ఊరు చేతులు ముడుచుకోనక్కరలేదు, ఎక్కడ కట్టాలో అక్కడ కట్టమని అడగవచ్చు.

ఇంకొక విషయం. పటాన్‌చెరు నీటిలో లోహాలొక్కటే కాదు. అక్కడి కర్మాగారాల ఉమ్మడి శుద్ధి కేంద్రం వదిలిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రకటించారు. ఆ తరువాత ఆ నీటిని గొట్టాల ద్వారా హైదరాబాద్‌లోని అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రం వైపు మళ్లించారు. లోహం కోసం వేసిన మొక్క ఇటువంటి మందులకు జవాబు చెప్పలేదు.

లెక్కల మాస్టారు

తోట గారి ఆవేదన న్యాయమైనదే, కానీ వాగులో డెక్క వేస్తే ఇంకో నష్టం కూడా ఉంది. రేపు ఎవరైనా కాలుష్యం గురించి ఫిర్యాదు చేస్తే, ‘శుద్ధి పథకం నడుస్తున్నది కదా’ అనే సమాధానం వస్తుంది. గొట్టం దగ్గర జరగవలసిన పని పంచాయతీ నెత్తిన పడుతుంది.

నక్కవాగు గట్టు

అందరికీ కృతజ్ఞతలు. ఈ చర్చను సర్పంచి గారికి, వార్డు సభ్యులకు చదివి వినిపించాను. వాగు గర్భంలో గుర్రపుడెక్క వేయడానికి ఒప్పుకోకూడదని, ముందుగా లోహాల పరీక్ష చేయించాలని, ఏ పథకమైనా తీసిన మొక్క, బురద ఎక్కడికి పోతాయో, ఎవరి ఖర్చుతో పోతాయో రాసి ఇస్తేనే చర్చకు తీసుకోవాలని అనుకుంటున్నాము. పరీక్షకు నీటిని ఎలా తీయాలో ఎవరైనా చెప్పగలరా? కిందటిసారి ఆ సంస్థ మనిషి శీతలపానీయం సీసాలో పట్టుకుపోయాడు.

ఆమ్లపు సీసా (ప్రయోగశాల ఉద్యోగి, హైదరాబాద్)

సీసా ప్రయోగశాల వారినే అడిగి తీసుకోండి. ఆమ్లంతో కడిగి ఆరబెట్టిన పాలిథిన్ సీసాలు ఇస్తారు. ప్రతి చోటా రెండు సీసాలు నింపాలి. ఒకటి ఉన్న నీరు ఉన్నట్లుగా, రెండోది 0.45 మైక్రాన్ల వడపోత గుండా పంపి. మొదటిది మట్టి రేణువులతో సహా మొత్తం లోహాన్ని చెబుతుంది, రెండోది కరిగి ఉన్నదాన్ని చెబుతుంది. మొక్క వేరు పట్టుకునేది ప్రధానంగా ఈ రెండోదాన్నే కాబట్టి అది లేని నివేదికతో మొక్కల పథకాన్ని తూచలేరు. రెండింటిలోనూ నైట్రిక్ ఆమ్లం చుక్కలు వేసి పీహెచ్ 2 కంటే కిందికి దించాలి, లేకపోతే లోహం సీసా గోడకు అంటుకుని, ఉన్నదానికంటే తక్కువ అంకె వస్తుంది. హెక్సావాలెంట్ క్రోమియానికి మాత్రం ఆమ్లం వేయకూడదు, వేస్తే అది ట్రైవాలెంటుగా మారిపోవచ్చు. దానికి మూడో సీసా, వడపోసి, క్షార బఫర్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణం) వేసి, మంచుపెట్టెలో పెట్టి తేవాలి.

చోట్ల విషయానికి వస్తే, అనుమానమున్న గొట్టానికి ఎగువన ఒకటి, నీళ్లు బాగా కలిసిపోయేంత దిగువన ఒకటి, పశువులు దిగే రేవు దగ్గర ఒకటి తీయండి. అదే చోట్ల గుప్పెడు బురద కూడా విడిగా తీయండి. నీరు ఆ పూట సంగతే చెబుతుంది, గొట్టం రాత్రిపూట తెరిచి ఉంటే పగటి నీటిలో ఏమీ దొరకకపోవచ్చు, బురదలో మాత్రం కొన్నేళ్ల లెక్క ఉంటుంది. వానలు పడకముందు ఒకసారి, మొదటి వరద తగ్గాక ఒకసారి తీస్తే చాలు. తీసేటప్పుడు మాస్టారు చెప్పిన లెక్క కోసం నీటి వెడల్పు, లోతు, ఒక బెండుముక్క పది మీటర్లు పోవడానికి పట్టే సెకన్లు కూడా రాసుకోండి. అవి లేకపోతే లీటరులో ఎంత ఉందో తెలుస్తుంది గాని రోజుకు ఎన్ని గ్రాములు పోతున్నదో తెలియదు. కాగితం మీద పంచాయతీ కార్యదర్శి గారి సంతకం, తీసిన సమయం ఉండేలా చూసుకోండి.